అతుకుల లెక్క ఎవరు చూస్తున్నారు?

2007 ఆగస్టు 1 సాయంత్రం, అంతా ఆఫీసుల నుంచి ఇళ్లకు వెళ్లే వేళ, అమెరికాలోని మినియాపొలిస్‌లో ఐ-35డబ్ల్యూ వంతెన మిసిసిపీ నదిలో కూలిపోయింది. 13 మంది చనిపోయారు, 145 మంది గాయపడ్డారు. తుప్పే కారణమని మొదట చాలామంది అనుకున్నారు. ఏడాదికి పైగా దర్యాప్తు చేసిన జాతీయ రవాణా భద్రతా బోర్డు మాత్రం డిజైన్‌నే తప్పుపట్టింది. ట్రస్సులో, అంటే త్రికోణాలుగా అల్లిన చట్రంలో, ఉక్కు దూలాలను కలిపే గసెట్ ప్లేట్లు కొన్నిచోట్ల ఉండాల్సిన మందంలో సుమారు సగమే, అంటే అరంగుళమే, ఉన్నాయి. 1960లలో గీసిన డ్రాయింగుల్లోని ఆ తప్పు నలభై ఏళ్లపాటు ఎవరికీ పట్టలేదు.

మందం సగమైతే పోయేది సగం బలమే అనుకుంటాం. లాగుడు విషయంలో అది నిజమే. వంగకుండా నిలిచే బిగువు మాత్రం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. పేకముక్కను రెండు చివర్లా నొక్కి చూడండి, చిరగదు, పక్కకు ఉబ్బుతుంది. 2003లో తీసిన ఫొటోల్లో ఆ ప్లేట్ల అంచులు అలాగే ఉబ్బి కనిపిస్తున్నాయి. అయినా వంతెన ఎంత బరువు మోయగలదని లెక్క కట్టిన ప్రతిసారీ దూలాలనే చూశారు. అతుకులు వాటికంటే గట్టిగానే ఉంటాయన్నది ఇంజినీర్ల ధీమా. మధ్యలో రెండుసార్లు చేసిన మార్పులతో వంతెన సొంత బరువు పెరిగింది. కూలిన రోజు మరమ్మతుల కోసం తెచ్చిన ఇసుక, కంకర, వాహనాలు కలిపి దాదాపు 260 టన్నులు సరిగ్గా ఆ బలహీనమైన అతుకుల దగ్గరే పెట్టారు!

ఆ ధీమా మన దగ్గరా లేదని చెప్పలేం. రాజమహేంద్రవరంలో గోదావరిపై 1974 నుంచి పైన బస్సులను, కింద రైళ్లను మోస్తున్న వంతెనా ట్రస్సులదే. మన ఉక్కు నిర్మాణాల ప్రమాణం ఐఎస్ 800 అతుకులకు ప్రత్యేక అధ్యాయమే కేటాయించింది. సైట్లో జరిగేది వేరు. బోల్టు రంధ్రాలు కలవకపోతే గ్యాస్ కట్టర్‌తో పెద్దవి చేసేయడం, డ్రాయింగులో ఉన్న ప్లేటు దొరక్కపోతే ఉన్నదాంతో సర్దుకోవడం షెడ్లు కట్టేవాళ్లకు కొత్తేమీ కాదు. పైకి రంగు పడ్డాక అదెవరికీ కనిపించదు.

రెండు తెలుగు రాష్ట్రాల రోడ్లు, భవనాల శాఖలను, రైల్వేను మేం కోరేది ఇదే. పాత ఉక్కు వంతెనల సామర్థ్యాన్ని మళ్లీ లెక్కించేటప్పుడు గసెట్ ప్లేట్లనూ కలపండి. వాటి మందాన్ని గేజ్‌తో కొలిచి డ్రాయింగుతో సరిచూడండి. మరమ్మతుల సమయంలో వంతెన మీద ఏ బరువు ఎక్కడ దించాలో ఇంజినీరు రాతపూర్వకంగా ఒప్పుకున్నాకే లారీలను రానివ్వండి. తనిఖీ నివేదికలను జనం చదివేలా వెబ్‌సైట్‌లో పెట్టండి.