బ్యాటరీ ఎలా చస్తుందో చూసేవాళ్లకు ముందు డబ్బివ్వండి

విద్యుత్ వాహనాల బ్యాటరీల మీద వచ్చే వార్తలు చదువుతుంటే నాకు ఒళ్లు మండిపోతోంది. ఏదో విశ్వవిద్యాలయంలో కొత్త పదార్థం తయారైందంటారు. నిమిషాల్లో చార్జింగ్ అంటారు, ఇక మంటల భయమే లేదంటారు. అసలు పరిశోధన పేపరు తెరిచి చూస్తే, పరీక్ష జరిగింది చొక్కా గుండీ అంత కాయిన్ సెల్‌లో, అంటే బుల్లి బ్యాటరీలో! అందులో ఎలక్ట్రోలైట్, అంటే లిథియం అటూ ఇటూ కదలడానికి దారిచ్చే ద్రవం, అవసరానికి ఎన్నో రెట్లు పోసి ఉంటారు, చార్జిని మోసే ఆ లిథియం కూడా కావలసినంత అదనంగా పెట్టి ఉంటారు. చార్జి నింపి ఖాళీ చేయడం ఒక సైకిల్. అలాంటివి కొన్ని వందలు నడిపి గ్రాఫు గీసేస్తారు. కారులోని సెల్‌కు ఆ వెసులుబాటు ఎక్కడిది? దానికి ఎలక్ట్రోలైట్ కొలిచి పోస్తారు, లిథియం లెక్కగా ఇస్తారు. ఆ కాస్తతోనే అది ఏళ్ల తరబడి ఎండకూ చలికీ కుదుపులకూ ఓర్చుకోవాలి.

కొత్త పదార్థాల మీద నాకు కోపమేమీ లేదు. 1980లో ఆక్స్‌ఫర్డ్‌లో శాస్త్రవేత్త జాన్ గుడెనఫ్ బృందం లిథియం కోబాల్ట్ ఆక్సైడ్ అనే బ్యాటరీ పదార్థం మీద పని చేసి ఉండకపోతే, 1991లో సోనీ లిథియం అయాన్ బ్యాటరీని మార్కెట్‌లోకి తెచ్చి ఉండేది కాదు. 1997లో ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయం నుంచి ఆయన బృందమే ప్రకటించిన లిథియం ఐరన్ ఫాస్ఫేట్ ఇవాళ లక్షలాది వాహనాల్లో ఉంది. అందులో ఆక్సిజన్‌ను ఫాస్ఫరస్ ఎంత గట్టిగా పట్టి ఉంచుతుందంటే, వేడెక్కినా అది అంత తేలిగ్గా బయటికి రాదు. ఆ పట్టు వల్లే ఆ బ్యాటరీలకు మంటల ముప్పు తక్కువ.

కానీ పదార్థం దొరికితే పని సగమే అయినట్టు. మంట ఎలా పుడుతుందో గమనించండి. దెబ్బ తగిలో, లోపల షార్ట్ అయ్యో సెల్ వేడెక్కుతుంది. 80, 90 డిగ్రీలకు వచ్చేసరికి ఆనోడ్‌లోని, అంటే రుణ ధ్రువంలోని గ్రాఫైట్ మీద ఉండే రక్షణ పొర విడిపోవడం మొదలవుతుంది. ఆ చర్య మరింత వేడిని పుట్టిస్తుంది. 130 డిగ్రీల ప్రాంతంలో, ధ్రువాలు రెండూ తగలకుండా అడ్డుండే పాలీఇథిలీన్ సెపరేటర్ కరుగుతుంది. 200 దగ్గరికి వస్తే, నికెల్ ఎక్కువగా ఉన్న కాథోడ్, అంటే ధన ధ్రువం, తనలోని ఆక్సిజన్‌నే వదలడం మొదలుపెడుతుంది. మండే ద్రవం, ఆక్సిజన్, వేడి మూడూ ఒకే డబ్బాలో! బయటి గాలి అందకుండా కప్పేసినా ఆ మంట ఆగదు.

ఇదంతా ఎవరో కావాలని సెల్స్‌ను తగలబెట్టి, దగ్గరుండి చూస్తేనే మనకు తెలిసింది. 2015లో యూనివర్సిటీ కాలేజ్ లండన్ పరిశోధకులు ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో శక్తిమంతమైన ఎక్స్‌రేలు పుట్టించే సింక్రోట్రాన్ యంత్రం దగ్గర సెల్స్‌ను వేడి చేసి, అవి పేలుతుండగా లోపల జరిగేది ఎక్స్‌రేలతో చిత్రీకరించారు. లోపలి రాగి కరిగి ముద్దలు కట్టింది. అంటే అక్కడ వేడి వెయ్యి డిగ్రీలు దాటినట్టు. మధ్యలో ఆధారంగా గొట్టం ఉన్న సెల్ కాస్త నిలదొక్కుకుంది, అది లేని సెల్ మూత ఎగిరిపోయింది. ఇలాంటి పరిశోధన పతాక శీర్షికలకు ఎక్కదు. ప్రాణాలు కాపాడేది మాత్రం ఇదే.

ఆయుష్షు సంగతీ అంతే. ఒక్కో సైకిల్‌కు వాడుకలో ఉన్న లిథియంలో వెయ్యో వంతు పోతే, వెయ్యి సైకిళ్ల తర్వాత మిగిలేది 37 శాతం. పదివేలో వంతు మాత్రమే పోతే, మిగిలేది 90 శాతం. అంత చిన్న తేడాను కొలవడానికే కెనడాలోని డల్‌హౌసీ విశ్వవిద్యాలయంలో బ్యాటరీ పరిశోధకుడు జెఫ్ డాన్ బృందం ఏళ్ల తరబడి పరికరాలకు మెరుగులు దిద్దింది. 2019లో వాళ్లు వివరాలు ప్రచురించిన సెల్స్ మీద పరీక్షలు మూడేళ్ల దాకా సాగాయి. అవి వాహనాన్ని 16 లక్షల కిలోమీటర్లు నడపగలవని వాళ్ల అంచనా. నాకు అంతకంటే గొప్పగా అనిపించేది మరొకటుంది. ఎలక్ట్రోలైట్‌లో ఏమి కలిపారో, ఎలక్ట్రోడ్‌లు, అంటే ధ్రువాలు, ఎలా చేశారో అంతా పేపరులో రాసిపెట్టారు. ఎవరైనా చేసి సరిపోల్చుకోవచ్చు.

2024 చివర్లో స్టాన్‌ఫర్డ్ నుంచి వచ్చిన ఫలితం చూస్తే, ఓపిక విలువ ఎంతటిదో అర్థమవుతుంది. ప్రయోగశాలల్లో దశాబ్దాలుగా సెల్స్‌ను ఒకే వేగంతో డిశ్చార్జి చేస్తున్నారు. నిజంగా కారు నడిపేవారు అలా నడపరు కదా! ఒకసారి వేగం పెంచుతారు, ఒకసారి బ్రేకు వేస్తారు, తర్వాత గంటల తరబడి నిలిపేస్తారు. ఆ తీరులో 92 సెల్స్‌ను రెండేళ్లకు పైగా పరీక్షిస్తే, కొన్ని 38 శాతం దాకా ఎక్కువ కాలం నిలిచాయి. రెండేళ్లు ఆగే ఓపిక లేకపోతే ఈ మాట మనకు చెప్పేదెవరు?

వయసు మీరిన సెల్‌ను విప్పుతుండగా చూశాను. గాలి తగలకుండా ఆర్గాన్ వాయువు నింపి, చేతొడుగులు బిగించిన గ్లవ్ బాక్స్ అనే పెట్టెలో చేతులు పెట్టి, చుట్టగా ఉన్న పొరలను మెల్లగా విప్పారు. చార్జి నిండిన గ్రాఫైట్ బంగారు రంగులో మెరుస్తోంది. దాని మధ్య అక్కడక్కడా బూడిద రంగు మచ్చలు. చలిలో వేగంగా చార్జి చేసినప్పుడు గ్రాఫైట్ లోపలికి చేరలేక పైనే పేరుకుపోయిన లిథియం అది. ఆయుష్షు తగ్గడమూ, షార్ట్ అయ్యే ముప్పూ రెండూ ఆ మచ్చ దగ్గరే మొదలవుతాయి. ఆ మచ్చ ఏ చార్జింగ్ వేగానికి, ఏ చలికి పడుతుందో తేల్చాలంటే సెల్స్‌ను ఒక్కొక్కటిగా పాడుచేసి, విప్పి, రాసుకుంటూ పోవాలి.

ఈ పని చేసే విద్యార్థి పరిస్థితి ఆలోచించండి. ప్రాజెక్టు గడువు మూడేళ్లు, పరీక్షకే రెండేళ్లు. ఈలోగా పక్క బెంచీ మీద కొత్త పదార్థం చేసినవాడికి పేపర్ల మీద పేపర్లు వచ్చేస్తాయి. ఇది అన్యాయం. నిధులిచ్చే సంస్థలు బ్యాటరీల వృద్ధాప్య పరీక్షలకు అయిదు, పదేళ్ల గడువుతో విడిగా డబ్బు కేటాయించాలి. పరిశోధన పత్రికలు ఎలక్ట్రోలైట్ ఎంత పోశారో, ఎన్ని సెల్స్ మధ్యలో చచ్చాయో చెప్పని పేపర్లను వెనక్కి పంపాలి.

ఇక కంపెనీలు. వారంటీ కింద వెనక్కి వచ్చిన ప్యాకులు వాళ్ల దగ్గర ఉంటాయి. ఏ ప్రయోగశాలా తయారు చేయలేని నమూనాలు అవి. నిజమైన రోడ్ల మీద, నిజమైన మనుషుల చేతుల్లో పాడైనవి. స్టాన్‌ఫర్డ్, ఎంఐటీ పరిశోధకులు టొయోటా పరిశోధన సంస్థతో కలిసి 2019లో 124 సెల్స్ సమాచారాన్ని అందరికీ తెరిచి ఇచ్చాక, ప్రపంచమంతటా ఎంతమంది దాన్ని తీసుకుని ఆయుష్షును ముందే అంచనా వేసే పద్ధతులు రాశారో చూడండి. వెనక్కి వచ్చిన ప్యాకుల్లో కొన్నింటిని, యజమానుల వివరాలు తీసేసి, విశ్వవిద్యాలయాలకు ఇవ్వమనండి. ఇవ్వకపోతే ఇచ్చేలా చట్టం చేయమనండి.