అత్తయ్యగారు కాపాడిన 470 డాలర్లు

అమెరికాలో నలుగురు తెలుగువాళ్లు కలిస్తే ఇదివరకు ఇళ్ల ధరలు మాట్లాడుకునేవాళ్లు. ఇప్పుడు ఇమ్మిగ్రేషన్ ఫీజులు మాట్లాడుకుంటున్నారు. హెచ్‌-1బీ అనే ఉద్యోగ వీసా లాటరీలో పేరు వేయించుకోవడానికి 10 డాలర్లుండేది, 2025లో ఒక్కసారిగా 215 అయింది. "కాస్త తొందరగా చూడండి" అని అడగడానికి కట్టే ప్రీమియం ప్రాసెసింగ్ 2024 ఫిబ్రవరిలో 2,500 నుంచి 2,805కి ఎక్కింది. 2025 సెప్టెంబరులో బయటినుంచి వచ్చే కొత్త హెచ్‌-1బీలకు లక్ష డాలర్లన్నారు. లక్ష అన్న మాట చెవిన పడ్డాక వందల్లో ఉండే ఫీజులు మనిషికి ఆనవు. మా కొంప ముంచింది ఆ వందల్లో ఫీజే.

బాబు పుట్టాడని మా అత్తమామలు డాలస్ వచ్చారు. ఎయిర్‌పోర్టులో ఆరు నెలలిచ్చారు. ఆరు నెలలు దగ్గరపడేసరికి మా ఆవిడ ఆఫీసుకి వెళ్లే రోజులూ దగ్గరపడ్డాయి. ఇంకో ఆరు నెలలు ఉండనివ్వమని అడగాలంటే ఐ-539 అనే ఫారం నింపాలి.

మామయ్యగారు ట్రెజరీలో పనిచేసి రిటైరయ్యారు. ఆయనకి ఫారం కనిపిస్తే చాలు, వయసు పదేళ్లు తగ్గుతుంది. ఫీజు ఎంతో చెప్పగానే దాని పూర్వాపరాలు అడిగారు. చెప్పాను: పాతరోజుల్లో ఫారానికి 370, వేలిముద్రలకు తలా 85. 2023 అక్టోబరులో ఆ 85 ఎత్తేశారు. 2024 ఏప్రిల్‌లో ఫారం ఫీజు 470 చేశారు. భార్యాభర్తలు ఒకే అర్జీలో పెట్టుకుంటే రెండోవాళ్లకి విడిగా ఫీజు లేదు.

ఆయన కళ్లజోడు సర్దుకుని కవరు వెనకాల లెక్క వేశారు. "అంటే అల్లుడుగారూ, ఒంటరివాడికి 455 నుంచి 470కి పెంచారు. దంపతులకి మాత్రం 540 నుంచి 470కి దించారు. ఈ డిపార్ట్‌మెంటులో ఎవరో సంసారి ఉన్నాడు." అంతటితో ఆగితే బాగుండేది. మళ్లీ లెక్క చూసుకుని, "2023 అక్టోబరు నుంచి 2024 మార్చి దాకా మాత్రం 370తో అయిపోయేది. మనవడు ఆ ఆరు నెలలకి అందేలా పుట్టి ఉంటే నికరంగా వంద మిగిలేది" అన్నారు. మా ఆవిడ వంటింట్లోంచి "నాన్నా!" అంది. ఆ విషయం మళ్లీ ఎత్తలేదు.

ఆన్‌లైన్‌లో పెడితే 420కే అవుతుందని చూసి ఊరించబోయాను. ఒప్పుకోలేదు. "కాగితమైతే ఒకడు చేత్తో పట్టుకుని ఇన్వర్డ్ రిజిస్టరులో ఎక్కించి తీరాలి. కంప్యూటర్లో పడింది ఎవడి టేబుల్ మీద ఉందని అడుగుతాం?" దానికి నా దగ్గర సమాధానం లేదు.

ఆయనకి పెద్ద దెబ్బ చెక్కు దగ్గర తగిలింది. 2025 అక్టోబరు 28 తర్వాత కాగితం అర్జీలతో చెక్కులు, మనీ ఆర్డర్లు తీసుకోవడం లేదు. కార్డు నంబరు రాసిచ్చే జీ-1450 ఫారం గానీ, బ్యాంకు ఖాతా నంబరు రాసిచ్చే జీ-1650 గానీ పైన పెట్టాలి. జన్మంతా చెక్కుల మధ్య బతికిన మనిషి. "గవర్నమెంటే చెక్కు వద్దనడమా?" అని కాసేపు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. తర్వాత నల్ల పెన్ను తీసి, పెద్దక్షరాల్లో, ఒక అంకె పక్క అంకెకి తగలకుండా జీ-1450 నింపారు. మొత్తం రాయాల్సిన చోట 470 వేసి పక్కన గీత గీసి చుక్క పెట్టి, ఇంగ్లీషులో "ఓన్లీ" అని కూడా రాశారు. ఖాళీ ఉంచితే ఎవరైనా సున్నా చేరుస్తారట. ఇంకో కాపీ ప్రింట్ తీశాను. అందులోనూ "ఓన్లీ" వచ్చింది. మూడోది నేనే నింపి, మా ఆవిడ కార్డు కాబట్టి ఆవిడ చేత సంతకం పెట్టించాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఫీజు విషయం అత్తయ్యగారికి చెప్పలేదు. అది మామయ్యగారి ఆర్డరు. "మీ అత్తయ్యకి నలభై వేల పైమాటని తెలిసిందా, ఇవాళే పెట్టె సర్దుతుంది" అన్నారు. ఆవిడ కూరగాయల ధరలనే రూపాయల్లోకి మార్చుకుని కొత్తిమీర మానేసిన మనిషి కాబట్టి, మేమూ నోరు మెదపలేదు. ఏదో సంతకం పెట్టమంటే పెట్టారు.

కవరు వెళ్లింది. కొన్నాళ్లకి పోస్టులో మా ఆవిడ పేర కొత్త కార్డు వచ్చింది. పాతదానికి గడువైపోయి ఉంటుందనుకుని సొరుగులో పడేసింది. ఆ తర్వాత లావుపాటి కవరొకటి వచ్చింది. మామయ్యగారు దాన్ని చేతిలో తూచి చూసి, "ఇంత బరువుందంటే శాంక్షనే. రిజెక్షన్ అయితే ఒక్క కాగితమే పంపుతారు" అని ప్రకటించారు. విప్పి చూస్తే మేం పంపిన కాగితాలన్నీ పంపిన వరసలోనే ఉన్నాయి. పైన ఒక చీటీ: కార్డు చెల్లలేదు కాబట్టి అర్జీ వాపసు.

కార్డు ఒకసారి చెల్లకపోతే వాళ్లు రెండోసారి గీకి చూడరు. అర్జీ అందిన తేదీ కూడా దక్కదు. గడువేమో ముంచుకొస్తోంది. మా ఆవిడ బ్యాంకుకి ఫోన్ చేసింది. చాలాసేపు సంగీతం వినిపించాక ఒకమ్మాయి లైన్లోకొచ్చి, "ఈ ఖర్చు మీదేనా అని మెసేజ్ పంపాం. కాదని మీరే జవాబిచ్చారు. అందుకే ఆపేసి కొత్త కార్డు పంపాం" అంది.

"నేనెప్పుడు ఇచ్చాను?"

ఉయ్యాల దగ్గర్నుంచి అత్తయ్యగారు తలెత్తారు. "ఓ, అదా! వాడికి పాటలు పెడదామని నీ ఫోన్ తీసుకున్నానే. మెసేజ్ వచ్చింది. ఎవడో మన కార్డులోంచి 470 డాలర్లు లాగబోయాడు. ఇంట్లో అంత ఖర్చు ఏం పెట్టాం? కాదు అని కొట్టేశా." కాసేపాగి మెత్తగా, "మీరందరూ కంగారు పడతారని చెప్పలేదు" అన్నారు.

ఇండియాలో కొన్నాళ్లు ఎవరికి ఫోన్ చేసినా ముందు సైబర్ మోసాల హెచ్చరికే వినిపించేది. అంత శ్రద్ధగా విన్నది దేశం మొత్తమ్మీద మా అత్తయ్యగారేనని నాకప్పుడు అర్థమైంది. మామయ్యగారి వంక చూశాను. ఆయన చీటీని మళ్లీ చదువుతున్నట్టు నటిస్తున్నారు.

ఇక దాచి లాభం లేదు. ఫీజు మొత్తం బయటపెట్టాం. ఆవిడ పెట్టె సర్దలేదు గానీ, ఆ పూట ఎవరితోనూ మాట్లాడలేదు. మర్నాడు నా ఖాతా నంబరుతో జీ-1650 నింపి, రోజులు పట్టే పోస్టు కాకుండా రాత్రికి రాత్రే చేరే కొరియర్‌లో పంపాం. ఈసారి ఇంట్లో ఉన్న ఫోన్లన్నీ నా జేబులోనే. ఖాతాలోంచి 470 పోయిందని మెసేజ్ రాగానే నేనూ మా ఆవిడా చేతులు కలుపుకున్నాం. డబ్బు పోయినందుకు ఇంట్లో సంబరం జరగడం మొదటిసారి చూశాను.

గడువుకి ముందే రసీదు వచ్చింది. మామయ్యగారు దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, జిరాక్సులు తీయించి, వాటికీ నంబర్లు వేశారు. రసీదైతే వచ్చింది గానీ, నిర్ణయం ఎప్పుడొస్తుందో చెప్పలేం. చాలామంది పెద్దవాళ్లు ఇంటికెళ్లిపోయాక ఇక్కడ పోస్టుడబ్బాలో పడుతుంటుంది. ఇచ్చినా ఇవ్వకపోయినా ఫీజు మాత్రం తిరిగి రాదు. ఆ చివరి మాట అత్తయ్యగారి చెవిన పడకుండా ఉండాల్సింది.

అప్పటిదాకా "ఊళ్లో ఇల్లు ఏమైపోతోందో, వెళ్దాం వెళ్దాం" అన్న మనిషి ఒక్కసారిగా మాట మార్చారు. మామయ్యగారి పెన్ను తీసుకుని 470ని 180తో భాగించారు. రోజుకి రెండున్నర డాలర్ల పైన. ముందుగా ఎన్నాళ్లు వెళ్లిపోతే అంత గవర్నమెంటుకి ఊరికే వదిలేసినట్టట. పక్కింటివాళ్లు తోడు దొరుకుతుందని టికెట్ మార్చుకోమన్నా వినలేదు. మామయ్యగారు ఊరు గుర్తొచ్చి బెంగపడుతుంటే, "కట్టిన రోజులు అవనీండి" అని కసిరారు.

మొన్న రాత్రి బాబుని నిద్రపుచ్చి నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అడిగారు: "బాబూ, సంవత్సరానికి ఒకేసారి కట్టేస్తే వీళ్లు ఏమైనా తగ్గిస్తారా?"