పిల్లలు ఫోన్‌ల ఎన్ని గంటలున్నరు అన్నది ఒక్కటే లెక్కనా?

పాలమూరు దిక్కు ఏ బడి మీటింగ్‌కు పోయినా తల్లిదండ్రులది ఒకటే మాట, "మావోడు ఫోన్ ఇడుస్తలేడు సార్, రోజుకు నాలుగైదు గంటలు". ఆ గంటలల్ల ఏం చేస్తుండు, ఎందుకు చేస్తుండు అని అడిగేటోళ్లు నాకు ఎక్కువ కనిపించలే.

దేవరకొండ దగ్గర మాకు తెలిసిన ఇంట్ల అక్కాతమ్ముళ్లున్నరు, అమ్మానాన్న బొంబాయిల బిల్డింగ్ పనికి పోయిన్రు, పిల్లలు అవ్వ దగ్గర ఉంటరు, ఇద్దరికీ కలిపి ఒక్కటే ఫోన్. రాత్రి తొమ్మిదికి అక్క ఫోన్‌ను బియ్యం డబ్బాకు ఆనిచ్చి వీడియో కాల్ పెడ్తది, అక్కడ అమ్మ రొట్టె కాలుస్తుంటది, ఇక్కడ ఈమె అన్నం తింటది, పెద్దగ మాటలుండయ్. అక్క పండుకున్నంక తమ్ముడు దుప్పట్ల గేమ్ ఆడుతడు, తెల్లారి క్లాస్‌ల కునుకుతడు, కబడ్డీకి పోవుడు బంద్ చేసిండు. గంటలు చూస్తే ఇద్దరిదీ దగ్గర దగ్గర ఒకటే.

ఇంటర్నెట్ వ్యసనాన్ని కొలిచేతందుకు మన దగ్గర సర్వేలల్ల బాగ వాడేది అమెరికా సైకాలజిస్ట్ కింబర్లీ యంగ్ చేసిన 20 ప్రశ్నల టెస్ట్, 1990లల్ల జూదం వ్యసనం లక్షణాలను ఇంటర్నెట్‌కు అన్వయించి మొదలుపెట్టిన పని అది. ఆమె దారి చూపింది, కాదనను. కానీ అందుల వేరే పని ఉన్నా ముందు ఈమెయిల్ చూస్తవా అని ఒక ప్రశ్న, భాగస్వామితో దగ్గరితనం కన్నా ఇంటర్నెట్టే ఇష్టమా అని ఇంకోటి ఉంటయ్. తొమ్మిదో తరగతి పిల్ల దీనికి ఏం టిక్ పెట్టాలె? అదీ సార్ పక్కన నిలబడి చూస్తుంటే!

అమెరికా ప్రొఫెసర్ స్కాట్ కాప్లన్ ఇదే కొలిచేతందుకు 2010ల తెచ్చిన 15 ప్రశ్నల స్కేల్ నాకు ఇంకింత దగ్గరనిపిస్తది, ఎందుకంటే మనిషి ఎదురుగా కన్నా ఆన్‌లైన్‌లనే మాట్లాడబుద్ధైతదా, మనసు బాగలేనప్పుడు అటే పోతవా, ఆపుకోలేకపోతున్నవా, దాంతోని నష్టమైతుందా అని అడుగుతది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2022 నుంచి అమలైన తన రోగాల జాబితా ఐసీడీ-11ల గేమింగ్ డిజార్డర్‌కు, అంటే గేమ్‌ల వ్యసనానికి, గంటల హద్దు పెట్టలేదు, కంట్రోల్ తప్పుడు, అన్నిటికన్నా గేమే ముందైపోవుడు, నష్టం కనబడుతున్నా ఆపకపోవుడు, ఇవి మామూలుగ ఏడాది పాటు ఉండాలె అన్నది. అట్ల చూస్తే తమ్ముని గురించి ఎవరన్నా నిమ్మళంగ కూసోని మాట్లాడాలె, మానసిక ఆరోగ్యానికి సర్కారు పెట్టిన హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేసినా తెలుగుల మాట్లాడుతరు. అక్కకు ఆ అవసరం లేదు.

బడిల గంటలే చూసిన్రు. సార్ చెప్పిండని అవ్వ ఫోన్‌ను బీరువల పెట్టి తాళమేసింది. తమ్ముడు పక్కింటి పోరగాని ఫోన్ పట్టుకున్నడు. అక్క రెండు రోజులు రాత్రి అన్నం తినలేదు.