శిలాఫలకాలే గోడలు

కడపలో కొత్త గ్రంథాలయం కట్టడానికి నిధుల్లేవని ఎవరైనా అంటే నాకు చిరాకు. ఏడు రోడ్ల కూడలిలో నిలబడి ఒక్కసారి తలెత్తి చూడండి. నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ, ఆయన కొడుకు పుట్టినరోజు ఫ్లెక్సీ, వాళ్లిద్దరితో ఫొటో దిగినవాడి పుట్టినరోజు ఫ్లెక్సీ. ఆకాశం కనబడదు గానీ నిధులు కనబడుతున్నాయి.

కాబట్టి నా మొదటి ప్రతిపాదన: తలకాయ పన్ను. ఫ్లెక్సీలో ఒక్కో తలకాయకు వంద రూపాయలు. నల్ల కళ్లద్దాలుంటే నూటయాభై. ఎవరితోనో సీరియస్‌గా ఫోన్లో మాట్లాడుతున్నట్టు దిగితే రెట్టింపు. కింది వరుసలో 'శుభాకాంక్షలతో' అని పాస్‌పోర్టు సైజులో ఇరుక్కున్న ముప్పై మందికి మాత్రం రాయితీ ఇవ్వాలి, పాపం, వాళ్లు ఇప్పటికే చందా కట్టుంటారు.

ఇక గోడలు. మా కడప బండ ఎక్కడెక్కడి ఇళ్లలోనో వంటింటి అరలై కూర్చుంది. అరలకు పనికొచ్చే రాయి గోడలకు పనికిరాదా? శిలాఫలకం కొలత పది అడుగుల ఎత్తు, ఇరవై అడుగుల పొడవు ఉండాలని ఒక్క జీవో తెస్తే చాలు. నలుగురు నాయకులు విడివిడిగా శంకుస్థాపన చేస్తే నాలుగు గోడలు లేస్తాయి. ప్రభుత్వం మారాక కొత్తవాళ్లు వేసే ఫలకాన్ని అడ్డంగా పైన పెడితే అదే కప్పు. పుస్తకాలు వచ్చేదాకా జనం గోడలు చదువుకుంటారు. పేర్లకేం కొదవ?

పాతకాలం వాళ్లకు ఈ తెలివి లేదు. సి.పి.బ్రౌన్ దొర ఇక్కడ బంగళా కొని, పండితుల్ని పెట్టుకుని, సొంత జీతంతో తెలుగు తాళపత్రాలకు నకళ్లు రాయించాడు. ఆ బంగళా చోటే జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు చందాలు పోగుచేసి బ్రౌన్ పేరిట గ్రంథాలయం నిలబెట్టారు. అక్కడ అమెరికాలో ఉక్కు వ్యాపారి కార్నెగీ 1,689 గ్రంథాలయాలకు డబ్బిచ్చాడు. స్థలం ఊరే ఇవ్వాలి, తానిచ్చిన దాంట్లో పదో వంతు ఏటా ఊరే నిర్వహణకు పెట్టాలి అని షరతు. అదే మాట ఇక్కడ అనుంటే, "పదో వంతేనా సార్, ఎవరికివ్వాలి?" అని కాంట్రాక్టర్లు సంతోషంగా క్యూ కట్టేవాళ్లు.

గ్రంథాలయ సెస్సు ఉంది కదా అని గుర్తు చేసే ఛాదస్తులు కొందరుంటారు. ఉంది. ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసలు. అంటే ఐదు వేల పన్ను కట్టే మనిషి 400 రూపాయలు గ్రంథాలయానికిచ్చి, ఆ సంగతి తెలియకుండానే ఇంటికొస్తాడు. వసూలు చేసేది స్థానిక సంస్థ, చేరాల్సింది జిల్లా గ్రంథాలయ సంస్థకు. కాశీకి పోయినవాడైనా ఎప్పుడో ఒకప్పుడు తిరిగొస్తాడు గానీ, ఆ డబ్బు ఒక్కోసారి ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు పోలేక బకాయి అనే ఊళ్లో ఆగిపోతుంది. దాన్ని కదిలించడం మన వల్ల కాదు. తలకాయ పన్నే సులభం.

ఈ పథకమంతా కాగితం మీద రాసుకుని మా వీధి చివర ఫ్లెక్సీ షాపు తమ్ముడికి చూపించాను, తలకాయలు లెక్కబెట్టేవాడు వాడే కాబట్టి. మొత్తం ఓపికగా చదివాడు.

"బాగుందన్నా. శంకుస్థాపనకు మాత్రం ఇరవై బై ముప్పై వేద్దాం, రేటు చూసి చెప్తాలే."

"మరి ప్రారంభోత్సవానికి?"

"దాందేముందిలే అన్నా," అన్నాడు మౌస్ కదుపుతూ, "దానికి ఇంతవరకు ఎవరూ ఆర్డరియ్యలే."