కుర్చీలాట

కొత్త కంప్యూటర్‌ని బల్ల మీద పెట్టి ఆన్ చేశాను. వైఫై జాబితాలో మా ఇంటి పేరు కనిపించింది. పాస్‌వర్డ్ కొట్టాను. "కనెక్ట్ అయింది" అంది. దాని కిందే "ఇంటర్నెట్ లేదు" అంది. లోపలికి రండి రండి అని పిలిచి కూర్చోమనకపోతే ఎలా ఉంటుంది? అలా ఉంది.

పాస్‌వర్డ్ తప్పైతే అసలు కనెక్టే కాదు. ఆ సంగతి తెలిసి కూడా నాలుగుసార్లు మళ్లీ కొట్టాను, చివరిసారి ఒక్కో అక్షరం పైకి చదువుతూ.

"ఏవండీ, అది రహస్యంగా ఉంచాలన్నారు కదా?" అంది మా ఆవిడ.

వైఫైదే తప్పేమోనని కేబుల్ పెట్టి చూశాను. అదీ అంతే. సెట్టింగ్స్‌లో ఐపీ అడ్రస్, అంటే నెట్‌వర్క్‌లో కంప్యూటర్‌కి ఉండే నంబరు, చూస్తే 169.254తో మొదలైంది. మా ఇంట్లో మిగతావన్నీ 192.168తో మొదలవుతాయి. అడ్రస్ ఇమ్మని రూటర్ని అడిగి అడిగి, జవాబు రాకపోతే కంప్యూటర్ తనంతట తనే ఇలాంటి నంబరొకటి వేసుకుంటుందట. అద్దెకు ఇల్లు దొరకనివాడు సొంతంగా డోర్ నంబరు రాసుకుని వీధిలో నిలబడ్డట్టన్నమాట. దాంతో బయటి ప్రపంచానికి ఉత్తరం ముక్క కూడా వెళ్లదు.

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను. "రూటర్ ఆఫ్ చేసి, 30 సెకన్లు ఆగి, ఆన్ చేయండి సార్" అన్నాడు. చేశాను. ఏమీ మారలేదు. మళ్లీ చేయమన్నాడు. మళ్లీ చేశాను. ఈసారి ఇంటర్నెట్ వచ్చేసింది! రెండు నిమిషాల పాటు నా అంతటి ఇంజనీరు లేడు.

హాల్లోంచి కేక వినిపించింది. "టీవీ ఆగిపోయిందేంటి?"

ఇంకోసారి రూటర్ ఆపి వేశాను. టీవీ వచ్చింది, కంప్యూటర్ పోయింది. ఇంకోసారి. కంప్యూటర్ వచ్చింది, మా అమ్మాయి ఫోన్ పోయింది. ఇంకోసారి వేస్తే ప్రింటర్ పోయింది. దానికోసం ఎవరూ అరవలేదు కాబట్టి అక్కడితో ఆపేద్దామనుకున్నాను. కానీ ఈ కుర్చీలాట చూసి మావాడికి అనుమానం వచ్చింది. తన ల్యాప్‌టాప్‌లో రూటర్ పేజీ తెరిచాడు.

"నాన్నా, ఇందులో అడ్రస్‌ల చివరి నంబరు 2 నుంచి 9 వరకే ఇవ్వమని ఉంది. అంటే ఎనిమిదే. ఎవరు పెట్టారిలా?"

"కంపెనీవాళ్లే పెట్టి ఉంటారు" అన్నాను, గోడకేసి చూస్తూ.

"మీరే" అంది మా ఆవిడ. మొగుడు మర్చిపోయినవన్నీ పెళ్లాలకు తేదీలతో సహా ఎలా గుర్తుంటాయో! "పక్కింటివాళ్లు మన వైఫై వాడేస్తున్నారని ఆ రోజు రాత్రి రెండింటిదాకా కూర్చున్నారుగా."

నిజమే. పాస్‌వర్డ్ మారిస్తే సరిపోయేది. కానీ అన్నింటిలోనూ మళ్లీ కొట్టాలి, అందులో టీవీకి రిమోట్‌తో ఒక్కో అక్షరం ఏరుకోవాలి. అందుకే తెలివిగా తలలు లెక్కపెట్టి తలుపేశాను. మావాడు జాబితా చదివాడు. నాలుగు ఫోన్లు, టీవీ, ల్యాప్‌టాప్, కొత్త కంప్యూటర్. ఏడు. ఎనిమిదోది ఎవరో తెలియని పేరు.

"చూశావా, పక్కింటివాళ్లే!" అన్నాను.

ఇల్లంతా వెతికితే అది నా మంచం పక్కనే ఉంది. అలారం కోసం ఎప్పుడూ చార్జింగ్‌లో ఉంచే నా పాత ఫోన్.

"254 దాకా ఇచ్చేద్దాం నాన్నా, గొడవ ఉండదు" అన్నాడు మావాడు.

అంత ఉదారత్వం నాకు నచ్చలేదు. 9 తీసి 10 వేయించాను. తొమ్మిది వస్తువులు, తొమ్మిది కుర్చీలు. కొత్త కంప్యూటర్ హాయిగా కూర్చుంది. నేనూ కూర్చున్నాను.

సాయంత్రం మా అన్నయ్య కొడుకు వచ్చాడు. చెప్పులు విప్పుతూనే, "బాబాయ్, వైఫై పాస్‌వర్డ్ ఏంటి?" అన్నాడు.