పన్నెండు ద్వారాలు, ఒక మైకు

హైదరాబాద్‌లో 'బాగ్' అంటే తోట అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు, పాపం. బషీర్‌బాగ్, మూసారాంబాగ్, జాంబాగ్... సిటీ బస్సెక్కి ఓ పూట తిరిగితే తెలిసిపోతుంది, బాగ్ అంటే బస్‌స్టాపు. అలాంటి ఊళ్లో, ఇబ్రహీంబాగ్‌లో మాత్రం నిజంగానే కాస్త పచ్చగడ్డీ నాలుగు చెట్లూ మిగుల్చుకుని కూర్చున్న తారామతి బారాదరిది మరీ చాదస్తమని నా అభియోగం.

బారాదరి అంటే పన్నెండు ద్వారాలు. గుట్ట మీద మండపం కట్టి, నాలుగు వైపులా కమానులు పెట్టి వదిలేశారు కుతుబ్‌షాహీలు. ఏసీ బిగిద్దామంటే గోడేది? అబ్దుల్లా కుతుబ్‌షా 1626 నుంచి 1672 దాకా ఏలాడు, నలభై ఆరేళ్లు. అంత టైములో కాస్త అడ్డుగోడలు కట్టించడం కుదరలేదా మహానుభావుడికి?

విజయవాడ నుంచి మా బావమరిది వస్తే అక్కడికే తీసుకెళ్లాను. మెట్లెక్కి ఆయాసపడుతూ చుట్టూ చూశాడు.

"ఏముంది బావా ఇక్కడ?"

"గాలి."

"మా డాబా మీద లేదా?"

జవాబు చెప్పే అవకాశం రాలేదు, పక్కకి జరగమన్నారు. ఒక్కో కమాను కింద ఒక్కో జంట, ప్రీ వెడ్డింగ్ షూట్. ఒక కుర్రాడి ఉద్యోగమే ఏంటంటే, పెళ్లికూతురి గౌను కొంగు గాల్లోకి విసిరి, అది కింద పడేలోపు స్తంభం వెనక నక్కడం. పదకొండుసార్లు విసిరాడు, నేను లెక్కపెట్టాను. పన్నెండు ద్వారాలు ఎందుకు పెట్టారో నాకైతే అప్పుడు అర్థమైంది, ముందుచూపంటే అదీ.

ఇక్కడ ఆస్థాన గాయని తారామతి పాడితే అల్లంత దూరాన గోల్కొండలో ఉన్న సుల్తాన్ చెవిన పడేదని కథ. అసలే శబ్దానికి పేరుపడ్డ కోట అది, ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే పైన బాలాహిస్సార్‌లో వినిపిస్తాయి. సరే, పరీక్షిద్దామని బావమరిదిని మెట్ల కిందకి పంపి, పైనుంచి గొంతెత్తి ఓ పద్యం అందుకున్నాను. వాడు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని 'ఏంటీ' అన్నట్టు తల ఎగరేశాడు.

వాడి తప్పు కాదు. కింద ఎవరిదో ఫంక్షన్, స్పీకర్లు బిగిస్తున్నారు. "హలో... చెక్... చెక్..." అన్నారు. స్తంభం మీద పావురాలన్నీ ఒక్కసారి లేచాయి. కమానులోంచి చూస్తే దూరంగా కోట. సుల్తాన్ గనక ఇప్పుడు అక్కడుంటే ఒక్క ముక్క కూడా పోకుండా వినేవాడు, వన్ టూ త్రీతో సహా.