‘ఇతర మెట్లు’ గారికి ఒక విన్నపం

తిరుపతి

మహారాజశ్రీ డబ్ల్యూ 10.8 కోడు గారికి,

రాత్రంతా అమెరికా ఆసుపత్రుల కాగితాలకు కోడ్లు వేసి, తెల్లవారి నిద్రపోయే ఒక మెడికల్ కోడరు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మా మేనత్త చీలమండ తప్ప అందరమూ క్షేమం.

జబ్బులకూ గాయాలకూ వాటి కారణాలకూ కోడ్లు ఇచ్చే అమెరికావారి ఐసీడీ-10 పట్టికలో మెట్ల మీద పడేవారి కోసం మీ అన్నదమ్ములు ఆస్తి పంచుకున్న తీరు చూస్తే ముచ్చట వేస్తుంది. ఎస్కలేటరు 10.0కి, కాలిబాట అంచు 10.1కి, వాలు 10.2కి దక్కగా, అలిపిరి నుండి తిరుమలకు ఎక్కే 3,550 మెట్లూ, మా మిద్దెకున్న పన్నెండు మెట్లూ కలిపి ‘ఇతర మెట్లు’ అన్న పేరుతో మీ వాటాకు వచ్చాయి.

మా అత్త మెట్టుమెట్టుకూ పసుపు కుంకుమ పెడుతూ మోకాళ్ల మెట్టు దాకా వెళ్లి జారిపడ్డారు. ఆమెకు కోడు వేయమని నన్నెవరూ అడగలేదు, అలవాటు చెడ్డది. గాయం కోడు ముందుండాలి, పడిన కారణం వెనుక నిలబడాలి కనుక, మొదట ఎస్ 93.401ఏ అనుకున్నాను: కుడి చీలమండలో ఏదో ఒక స్నాయువు బెణికింది. తరువాత మిమ్మల్ని పిలుద్దామంటే, డాక్టరుగారి చీటీలో ‘జారి పడినది’ అని మాత్రమే ఉంది. మెట్టు మీదనైతే మీరు రావాలి, మెట్ల మధ్య చదును మీదనైతే డబ్ల్యూ 01 రావాలి. అత్తను అడిగితే, “గోవిందా అంటా కూలబడిపోతిని నాయనా, మెట్టో చదునో ఎవరు చూసినారు” అన్నారు.

ఇక ఆ సమయంలో చేస్తున్న పని. ఊలు అల్లడానికి మీవారి వద్ద కోడు ఉంది, డోలు వాయించడానికీ ఉంది. మెట్టుకు బొట్టు పెట్టడం మాత్రం ‘ఇతర’. చోటు విషయానికి వస్తే, అడవికి వై 92.821 ఉంది గాని, కొండను చిత్తడి నేలతో కలిపి 828లో, మళ్లీ ‘ఇతర’లోనే వేశారు. శేషాచలం అడవీ, కొండా, గుడికి దారీ కూడా అయినందుకు ఎవరిని తప్పుపట్టాలో తెలియలేదు.

కొండ ఎత్తు వల్లే కళ్లు తిరిగాయని అత్త వాదన. ఎత్తు వల్ల కలిగే బాధలకు టీ 70.2 ఉన్నమాట నిజమే గాని, ఆ జబ్బు సాధారణంగా 2,500 మీటర్లు దాటాక మొదలవుతుంది. తిరుమల ఎత్తు సుమారు 850. దీన్ని వేస్తే ఆడిటరు నన్ను కొండ దింపుతాడు. తెల్లవారుజాము నుండి ఆమె పచ్చి మంచినీళ్లయినా ముట్టలేదన్న సంగతి చీటీలో లేదు, ఎవరూ అడగలేదు.

కట్టు విప్పగానే ఆగిన మెట్టు నుండే పూజ సాగిస్తారట. మళ్లీ పడితే కోడు చివరి అక్షరం, పాత గాయం తదుపరి చికిత్సకు వేసే ‘డీ’ కాదు, అది కొత్త గాయం కనుక మళ్లీ ‘ఏ’ అని హెచ్చరించాను.

“ఏదైతే ఏముందిలే నాయనా, ఈసారి నువ్వొచ్చి పసుపు గిన్నె పట్టుకో” అన్నారు.

ఇట్లు,
తమ విధేయుడు